సంతకం ఢిల్లీది, జాగ మనది

కొత్తగూడ చౌరస్తా నుంచి హైటెక్స్ కమాన్ పెద్ద దూరమేం కాదు. ఆ కమాన్ లోపలి హెచ్ఐసీసీ మందిరంలో ఆసియా ఖండపు రాజకీయం ఎన్నోసార్లు కొలువుదీరింది. 2006 మేలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సభ ఇక్కడే జరిగింది. 2017 నవంబర్ 28న భారత్, అమెరికా ప్రభుత్వాలు కలిసి పెట్టిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ఇక్కడే మొదలైంది. ఆనాటి అమెరికా అధ్యక్షుడి బిడ్డ వస్తున్నదని రోడ్లకు రంగులు పూశారు, బిచ్చగాళ్లను కనబడకుండా తరలించారు. 2023 జూన్‌లో జీ-20 దేశాల వ్యవసాయ మంత్రులు ఇక్కడే కూర్చున్నారు. 2025 మే 10న భారత్, పాకిస్తాన్ మధ్య కాల్పుల విరమణ ప్రకటించిన సాయంత్రమే గచ్చిబౌలిలో మిస్ వరల్డ్ పోటీలు మొదలై, మే 31న ఇదే హైటెక్స్‌లో ముగిశాయి. ఒక దిక్కు యుద్ధం, ఒక దిక్కు పండుగ. రెండింటికీ హైదరాబాద్‌తో సంబంధం ఉంది. పండుగ జరిగింది ఈ జాగలో. ఆ యుద్ధంలో పేరు వినబడిన ఆకాశ్ క్షిపణులను తయారుచేసేది మన బీడీఎల్.

కొత్తగూడ, కొండాపూర్, మాదాపూర్, ఖానామెట్, ఇజ్జత్‌నగర్. ఇవాళ ఇవి అద్దాల మేడల చిరునామాలు. ముప్పై ఏళ్ల కింద ఇవి ఊళ్లు. ఈ ఊళ్ల పేర్లు ఢిల్లీలో, వాషింగ్టన్‌లో, టోక్యోలో కుదిరే ఒప్పందాల్లో ఎక్కడా కనబడవు. కానీ ఆ ఒప్పందాలు వచ్చి దిగేది ఈ ఊళ్ల మీదనే. అవి పండితే ఎవరు తిన్నారు, ఎండితే ఎవరు మోశారు అన్నదే మా ప్రశ్న. రాష్ట్రం రాకముందు ఇదే ప్రశ్న అడిగాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ప్రశ్న మాత్రం తీరలేదు.

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. అగ్రరాజ్యాలు సైబరాబాద్‌కు వచ్చింది మన బిర్యానీ మీద ప్రేమతో కాదు. 1998 మేలో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగినప్పుడు అమెరికా మన మీద ఆంక్షలు పెట్టింది. రెండేళ్లు తిరగకముందే, 2000 మార్చి 24న అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీలో ఉపన్యసించాడు. ఆ పర్యటనలో భారత్‌కు అయిదు రోజులు ఇచ్చాడు, పాకిస్తాన్‌కు కొన్ని గంటలు. 2006 మార్చి 2న ఢిల్లీలో అణు ఒప్పందం మీద అవగాహన కుదిరింది. మరునాడే అధ్యక్షుడు బుష్ హైదరాబాద్‌కు వచ్చి ఇక్కడ కాన్సులేట్ పెడతామని ప్రకటించాడు. 2008లో అది బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో తెరుచుకుంది. 2023లో 34 కోట్ల డాలర్లతో కట్టిన సొంత భవనంలోకి, నానక్‌రాంగూడకు మారింది.

ఈ వరుస వెనక ఉన్న లెక్క చైనా. చైనా పెరుగుతున్న కొద్దీ దానికి ఎదురు తూకంగా ఆసియాలో ఇంకొక పెద్ద దేశం కావాలని అమెరికా, జపాన్ కోరుకున్నాయి. 1962 యుద్ధం మరిచిపోని ఢిల్లీకి కూడా తోడు కావాలి. చైనా, పాకిస్తాన్ స్నేహం సంగతి సరేసరి. అందుకే మనం అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాతో క్వాడ్‌లో కూర్చున్నాం. చైనా, రష్యా, పాకిస్తాన్ ఉన్న షాంఘై సహకార సంస్థలోనూ 2017 నుంచి కూర్చున్నాం. దీన్ని మేము తప్పుపట్టడం లేదు. రెండు దున్నల నడుమ నిలబడ్డవాడు రెండింటి కొమ్ములూ చూసుకోవాల్సిందే.

ఆ పోరు ఎంత లోపలిదాకా పోతుందో చెప్పడానికి ఆసియా బ్యాంకే సాక్ష్యం. ఈ బ్యాంకు అధ్యక్ష పీఠం 1966లో పుట్టిననాటి నుంచి జపాన్ వాళ్లదే. హెచ్ఐసీసీలో సభ జరిపిన మూడేళ్లకు, 2009లో, భారత్‌కు 290 కోట్ల డాలర్ల సాయం ప్రణాళిక బోర్డు ముందుకు వచ్చింది. అందులో 6 కోట్ల డాలర్లు అరుణాచల్ ప్రదేశ్‌లో వరదల నివారణకు. అరుణాచల్ తనదనే చైనా అడ్డం పడింది. వరద బాధితుడి ఇల్లు మునుగుతదా తేలుతదా అన్నది ఎజెండాలో లేకుండా పోయింది. పటం మీద గీత ఎవరిదన్నదే ఎజెండా అయింది. పెద్దల పంచాయతీలో చిన్న రాష్ట్రం గతి ఇట్లా ఉంటుంది. అరుణాచల్‌కు జరిగింది మనకెందుకు అనుకునేవాళ్లు కింది సంగతులు చదవాలి.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన 16వ బీహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. ఆయన శవపేటిక సూర్యాపేటకు వచ్చిన రోజు ఊరు ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. సరిహద్దు ఇక్కడికి వేల కిలోమీటర్లు కావచ్చు. దాని బరువు మాత్రం మన గడపలోకి వచ్చింది.

ఆ వెంటనే కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. సరిహద్దు దేశాల పెట్టుబడులకు ముందస్తు అనుమతి ఉండాలన్న నిబంధన అంతకు ముందు ఏప్రిల్‌లోనే తెచ్చింది. 2023లో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్, చైనా బీవైడీ కలిసి వంద కోట్ల డాలర్లతో విద్యుత్ కార్ల పరిశ్రమ పెడతామంటే కేంద్రం భద్రత పేరుతో ఒప్పుకోలేదు. భద్రత పెద్ద మాటే. మేము దాన్ని తేలిక చేయం. కానీ అదే కాలంలో చైనా సరుకు రాక ఆగిందా? ఆగలేదు, పెరిగింది. 2024-25లో చైనాతో మన వ్యాపార లోటు దాదాపు 9,900 కోట్ల డాలర్లు. అంటే సరుకు చైనాలో తయారై వస్తే భద్రతకు ముప్పు లేదు, ఇక్కడ తయారైతే ముప్పు! ఈ లెక్క ఏమిటో, దీని వల్ల పోయే కొలువులు ఎన్నో, రాష్ట్రానికి చెప్పినవాళ్లెవరు? 2024 అక్టోబర్‌లో సరిహద్దు మీద అవగాహన కుదిరింది. 2025 ఆగస్టు 31న ప్రధాని చైనా వెళ్లి అధ్యక్షుడు షీతో కరచాలనం చేశారు. మనసులు మారొచ్చు. మారినప్పుడల్లా నష్టం లెక్క రాసేవాడు మాత్రం లేడు.

ఇక అమెరికా స్నేహం. 2013-14లో రూ. 57,258 కోట్లు ఉన్న తెలంగాణ ఐటీ ఎగుమతులు 2022-23 నాటికి రూ. 2,41,275 కోట్లు అయ్యాయి. కొలువులు తొమ్మిది లక్షలు దాటాయి. ఇది గొప్పే. అయితే ఈ మేడకు పెద్ద దూలం అమెరికా మార్కెట్. 2025 సెప్టెంబర్ 19న అమెరికా అధ్యక్షుడు ఒక ప్రకటన మీద సంతకం పెట్టి, కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించాడు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదం పొందిన ఈ వీసాల్లో నూటికి 71 భారతీయులవి. అందులో మన పిల్లలు ఎందరో ఏ వీధిలోనైనా అడగండి, చెబుతారు. అంతకు ముందు నెలలోనే, రష్యా చమురు కొంటున్నామన్న కోపంతో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచాడు. ఆ దెబ్బకు కింద మన సోదర రాష్ట్రంలో రొయ్యల రైతు తల్లడిల్లాడు. వ్యూహాత్మక భాగస్వామి అని పాతికేళ్లు పిలుచుకున్నవాడు ఒక్క కలంపోటుతో చేసిన పని ఇది. ఇల్లు తాకట్టు పెట్టి కొడుకును చదువుకు పంపిన నల్లగొండ తండ్రికి, కరీంనగర్ తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టిందా?

గల్ఫ్ గోస వేరే చెప్పాలా? 2017లో అరబ్ ఎమిరేట్స్‌తో సమగ్ర వ్యూహాత్మక భాగస్వామ్యం కుదిరింది. చమురు, పెట్టుబడులు, రక్షణ అన్నీ అందులో ఉన్నాయి. అక్కడ మేస్త్రీ పని చేసే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ మనిషి ఎంత లోతుగా ఉన్నాడు అందులో? 2020 సెప్టెంబర్‌లో కేంద్రమే గల్ఫ్ దేశాలకు పోయే కార్మికుల కనీస వేతన ప్రమాణాన్ని తగ్గిస్తూ ఉత్తర్వులిచ్చింది. పరాయి దేశం అడిగితే పెంచుమని కొట్లాడాల్సిన ప్రభుత్వమే తగ్గించింది. దాని మీద తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021 జూలైలో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి. ఈ విషయం మా పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. దౌత్యం ఢిల్లీ పని, మనకు నోరెందుకు అనేవాళ్లకు ఇదే జవాబు. నోరు తెరిస్తేనే ఉత్తర్వు మారింది.

భాగస్వామ్యాలన్నీ చెడ్డవని మేము అనడం లేదు. మంచి భాగస్వామ్యం ఎట్లా ఉంటుందో హైదరాబాద్‌కు తెలుసు. 1961లో ఐడీపీఎల్ ఏర్పడింది. సోవియట్ సహకారంతో బాలానగర్‌లో దాని మందుల కర్మాగారం వచ్చింది. అది కూడా రెండు అగ్రరాజ్యాల పోటీ కాలమే. సోవియట్ యూనియన్ మనకు ఊరికే పెట్టలేదు, దాని లెక్క దానికుంది. కానీ ఆ కర్మాగారం విద్య నేర్పింది. అందులో పనిచేసి బయటికొచ్చినవాళ్లే ఈ నగరంలో మందుల కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి ఆ బడిలో నుంచి వచ్చినవాడే. సోవియట్ యూనియన్ పోయింది, ఐడీపీఎల్ మూతపడింది, నేర్పిన పని మాత్రం మిగిలింది. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌కు, ఔటర్ రింగ్ రోడ్డుకు జపాన్ రుణం తోడయింది. అప్పు అప్పే, తీర్చాల్సిందే. అయినా ఒక చదువుల గుడి, ఒక బాట మిగిలాయి.

ఇంకొక దిక్కు చూడండి. అదే మందుల పరిశ్రమ ఇవాళ ముడిసరుకులో పెద్ద భాగం కోసం చైనా మీద ఆధారపడి ఉంది. చౌకగా దొరుకుతున్నదని కొనుక్కుంటూ పోయాం, ఇక్కడ చేసుకునే శక్తి తగ్గించుకున్నాం. 2020లో కరోనా మొదలై చైనా ఫ్యాక్టరీలు ఆగినప్పుడు బాలానగర్, జీడిమెట్ల, పాశమైలారం గుండె దడదడలాడింది. తేడా ఇదీ: నేర్పే స్నేహం ఒకటి, అలవాటు చేసి కట్టేసే వ్యాపారం ఒకటి. మొదటిది మనిషిని నిలబెడుతుంది. రెండోది మెడకు తాడు వేస్తుంది. ఆ తాడు బీజింగ్‌ది కావచ్చు, వాషింగ్టన్‌ది కావచ్చు, తాడు తాడే.

తెలంగాణకు ఒప్పందాల సంగతి ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మనంత ఒప్పందాల దెబ్బ తిన్న జాతి ఈ దేశంలో తక్కువ. 1947 నవంబర్ 29న నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. ఇంకో చేత్తో పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చాడు. 1948 ఆగస్టులో భద్రతా మండలికి ఫిర్యాదు చేశాడు. సెప్టెంబర్‌లో సైన్యం దిగుతున్న రోజుల్లోనే పది లక్షల పౌన్లు లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలో పడ్డాయి. రెండు కొత్త దేశాల పోటీలో నిలబడి ఆయన ఆడిన దౌత్యం అది. ఊళ్లలో రైతులు దొరల మీద, రజాకార్ల మీద పోరాడుతుంటే, వాళ్లను ఒక్కమాట అడగకుండా ఆడిన దౌత్యం. అయిదు రోజుల్లో కూలిపోయింది. ఆ లండన్ పైసల పంచాయతీ 2019 అక్టోబర్ 2న తీర్పు వచ్చేదాకా డెబ్బై ఏళ్లు నడిచింది. పైసల మీద భారత్‌కు, పాకిస్తాన్‌కు, నిజాం వారసులకు కొట్లాట. ఆ పైసలు ఎవరి చెమట నుంచి వచ్చాయో ఆ రైతు పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

తర్వాత 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం. ఇరువైపులా నలుగురేసి పెద్దమనుషులు. రాసుకున్నవి మంచి మాటలే: మిగులు నిధులు తెలంగాణకే, ముల్కీలకే కొలువులు, ఉప ముఖ్యమంత్రి పదవి. మొదటి మంత్రివర్గంలోనే ఆ ఉప ముఖ్యమంత్రి పదవి మాయమైంది. అడిగేవాడు లేడు, ఎందుకంటే ఒప్పందానికి పూచీదారు లేడు. 1969లో విద్యార్థులు తుపాకులకు ఎదురు నిలిచి ప్రాణాలిస్తే 1973లో ఆరు సూత్రాలు వచ్చాయి. అవి అమలు కాకపోతే 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. అందులో గడువు 1986 మార్చి 31. ఎన్ని మార్చిలు పోయాయో ఉద్యోగ మిత్రులకు తెలుసు. దీని నుంచి మనం నేర్చింది ఒక్కటే. బలవంతుడు బలహీనుడితో చేసుకున్న ఒప్పందం ఎంత తియ్యగా ఉన్నా, దాన్ని అమలు చేయించే పూచీ, అడిగే హక్కు లేకపోతే అది చిత్తు కాగితం.

ఆ పాఠాన్నే ఇవాళ్టి వ్యూహాత్మక భాగస్వామ్యాలకు పెట్టి చూడమంటున్నాం.

విదేశాంగం కేంద్రం జాబితాలోది, ఒప్పందాలు చేసుకునే అధికారం కేంద్రానిదే అని రాజ్యాంగం చెబుతుంది. మాకు తెలుసు. కానీ భూమి రాష్ట్ర జాబితాలోది. వ్యవసాయం, ప్రజారోగ్యం, పోలీసు రాష్ట్రాలవే. అంటే సంతకం ఢిల్లీది, జాగ మనది. జాగ ఉన్నవాడిని అడగకుండా పందిరి వేయడం ఏ ఊరి మర్యాద? 2011లో తీస్తా నీళ్ల మీద బంగ్లాదేశ్‌తో ఒప్పందానికి ప్రధాని ఢాకాకు పోతే, పశ్చిమ బెంగాల్ ఒప్పుకోనందుకు సంతకం ఆగింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరు చర్చ. రాష్ట్రం మాటకు బరువుందని మాత్రం తేలింది. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకుంది. వాళ్లు దేశద్రోహులు కారు. మనం అడిగినా కాబోము. ప్రత్యేక రాష్ట్రం అడిగిననాడు కూడా మనల్ని విచ్ఛిన్నవాదులన్నారు. ఆ ముద్రకు భయపడితే రాష్ట్రం వచ్చేదా?

కాబట్టి మా మాట నాలుగు ముక్కల్లో చెబుతాం.

ఒకటి, తెలంగాణ భూమి, పరిశ్రమ, కొలువుల మీద పడే ఏ అంతర్జాతీయ ఒప్పందమైనా కేంద్రం ముందుగా రాష్ట్రంతో చర్చించాలి. అనుమతి నిరాకరిస్తే కారణం శాసనసభకు తెలియాలి. రహస్యం ఉంచాల్సింది ఉంచండి, మొత్తం చీకటి చేయకండి.

రెండు, మన పాలకులూ జవాబు చెప్పాలి. 2025 జనవరిలో దావోస్‌లో రూ. 1.78 లక్షల కోట్ల పెట్టుబడుల ఒప్పందాలని ప్రకటించారు. అంతకుముందు ప్రభుత్వమూ ఇట్లాంటి అంకెలే వినిపించింది. ఎంత వచ్చింది, ఎన్ని ఎకరాలు ఇచ్చాం, ఎందరు స్థానికులకు కొలువు దొరికింది అన్నది ప్రతి సంవత్సరం సభ ముందు పెట్టాలి. ఢిల్లీని అడిగే నోటికి హైదరాబాద్‌ను అడిగే ధైర్యం కూడా ఉండాలి. లేకపోతే మనది ఉద్యమం కాదు, పార్టీ కార్యాలయం.

మూడు, ప్రతి విదేశీ భాగస్వామ్యంలో నేర్పే షరతు ఉండాలి. ఆదిభట్లలో విమాన భాగాలు తయారవుతున్నాయి, కొంగరకలాన్‌లో తైవాన్ ఫాక్స్‌కాన్ వచ్చింది. అక్కడ మన ఐటీఐ పిల్లవాడు కాపలా కొలువులో మిగిలిపోతాడా, యంత్రం ముందు నిలబడతాడా అన్నది ఒప్పందం రాసేనాడే తేలాలి.

నాలుగు, ఒక్క దేశం దూలం మీద ఇల్లు కట్టొద్దు. అమెరికా మార్కెట్‌తో పాటు జపాన్, యూరప్, ఆగ్నేయాసియా దిక్కు మన పిల్లలకు భాషలు, దారులు చూపాలి. గల్ఫ్ కార్మికుడి వేతనం, బీమా, శవపేటిక ఖర్చు కూడా వ్యూహాత్మక విషయాలే అని ఢిల్లీకి తెలియజెప్పాలి.

విద్యార్థి మిత్రులకు, ఉద్యోగ సోదరులకు ఒక మనవి. విదేశాంగం మనకు అందని చంద్రుడు అనుకోకండి. మీ వీసా, మీ కంపెనీ ప్రాజెక్టు, మీ ఇంట్లో మందుబిళ్ల ధర, మీ ఊరి సైనికుడి ప్రాణం అన్నీ అందులోనే ఉన్నాయి. నీళ్లు, నిధులు, నియామకాలు అని ఊరూరా చెప్పి రాష్ట్రం తెచ్చుకున్నది మనమే. నదీ జలాల టీఎంసీలను ఊరి అరుగు మీద లెక్కగట్టినవాళ్లం, ఈ ఒప్పందాలను లెక్కగట్టలేమా? కాలేజీల్లో చర్చ పెట్టండి. ఉద్యోగ సంఘాల సభల్లో తీర్మానాలు చేయండి. మీ ఎంపీని అడగండి, ఏ ఒప్పందం మీద పార్లమెంటులో నోరు తెరిచాడో చెప్పుమనండి.

హైటెక్స్ కమాన్ కింద రేపు ఇంకొక దేశం జెండా ఎగురుతుంది. రానీయండి. అతిథిని గౌరవించడం మన సంస్కారం. కానీ అతిథి ముందు కూర్చుని మాట్లాడేవాళ్లలో ఇంటివాడు కూడా ఉండాలి. వంట మనది, వాకిలి మనది, పంక్తిలో కుర్చీ మాత్రం మనది కాదంటే కొత్తగూడ ఒప్పుకోదు. తెలంగాణ అసలే ఒప్పుకోదు.